‘టిన్ డ్రమ్’: ఆహార్యవాద ఖండనము

1981 నవంబరులో బ్రిటనునందు వెలువడిన ‘టిన్ డ్రమ్’ అను ఆల్బమును గూర్చి పాప్ సంగీత విమర్శలో ఒక అభిప్రాయము చిరకాలముగా పాదుకొనియున్నది. అది స్థూలముగా ఇట్లుండును: లండను నగరపు దక్షిణ శివారులలో పెరిగి, తమ బృందమునకు ‘జపాన్’ అని పేరు పెట్టుకొన్న కొందరు యువకులు, చైనా దేశపు భాషను గాని చరిత్రను గాని చక్కగా నెరుగకయే, గోడకు మావో చిత్రపటమును తగిలించి, పాటలకు కాంటన్ పేరులు పెట్టి, సింథసైజరుపై ఐదు స్వరముల బాణీలను పలికించి, ఆసియాఖండమును ఒక వేషముగా ధరించిరి, వేషము కంటికి ఇంపైనదే, దానిని కుట్టిన నేర్పు మెచ్చదగినదే, కాని లోపలనున్నది మాత్రము ఆనాటి ఫ్యాషనుకు లోబడిన ఆంగ్లేయ పాప్ సంగీతమే. ఈ మాటను కటువుగా ననువారు దీనికి సాంస్కృతిక చౌర్యమని పేరిడుదురు. మృదువుగా ననువారు ‘ఘోస్ట్స్’ అను నొక్క పాటను మాత్రము బయటికి తీసి దానిని కొనియాడి, తక్కిన ఏడు పాటలను చీనా చిత్రములు చెక్కిన నగిషీపెట్టెలో చేర్చి మూత వేయుదురు. ఇరువురి వాదమునకును మూలమొక్కటే. ఈ ఆల్బములో ఆసియా ఆహార్యమే, అనగా వేషభూషయే గాని, దేహమైన ఆంగికము కాదు, మాటయైన వాచికము కాదు, అంతర్భావమైన సాత్త్వికము అంతకంటెను కాదని వారి నమ్మకము; అట్లు నమ్మువారినే ఇచట ఆహార్యవాదులందును. ఆ నమ్మకము సంగీతమును వినుటవలన గాక అట్టపై బొమ్మను చూచుటవలన ఏర్పడినదనియు, విన్నచో నిలువజాలదనియు చూపుట నా ఉద్దేశము.

వ్యక్తులను గూర్చి ముందుగా కొంత చెప్పవలెను. ఏలయన ఆహార్యవాదులు తమ తీర్పును చాలవరకు వీరి పూర్వచరిత్ర మీదనే నిర్మించుకొనిరి. క్యాట్‌ఫర్డ్ ప్రాంతమున 1974లో పుట్టిన ఈ బృందములో గీతకర్తయు గాయకుడును డేవిడ్ సిల్వియన్. డ్రమ్స్ వాయించిన స్టీవ్ జాన్సెన్ అతని తమ్ముడు. సింథసైజరు రిచర్డ్ బార్బియరిది. బేస్ గిటారు మిక్ కార్న్‌ది. గిటారు వాయించిన రాబ్ డీన్ 1981లో బృందమును వీడెను. 1978లో వెలువడిన తొలి రెండు ఆల్బములును వీరి కేశాలంకారమునకు తెచ్చిన ప్రసిద్ధిని సంగీతమునకు తేలేకపోయినవి. స్వదేశమున పత్రికలు పరిహసించుచుండగనే జపాన్ దేశపు యువజనులు వీరిని నెత్తిన పెట్టుకొనిరి. 1979లోనే టోక్యోలోని బుడోకాన్ మందిరమున వీరి కచేరి జరిగినది. ఆ యేటి ‘క్వైట్ లైఫ్’తో సింథసైజరు ముందునకు వచ్చి గిటారు వెనుకకు తగ్గెను, 1980 నాటి ‘జెంటిల్మెన్ టేక్ పోలరాయిడ్స్’లో ఆ మార్పు పరిపక్వమయ్యెను. అదే కాలమున లండనులో ‘న్యూ రొమాంటిక్స్’ అను ముఖాలంకారప్రియుల సమూహము బయలుదేరగా, పత్రికలు వీరిని తీసికొనిపోయి ఆ గుంపులో నిలిపినవి. సిల్వియన్ ఆ సంబంధమును బహిరంగముగనే త్రోసిపుచ్చినను ఆ ముద్ర చెరగలేదు. అందగాడని పేరుపొందినవాడు ఆలోచనాపరుడు కాజాలడను ఊహయే ఆహార్యవాదమునకు బీజము. దానిని గూర్చి ఇంతకంటె చెప్పవలసిన పనిలేదు.

ఐతే ప్రతిపక్షము ఊరక పుట్టినది కాదని కూడ ఒప్పుకొనవలెను. ఐరోపా, అమెరికాల వినోదసంగీతమున చీనా జపానుల పేరిట జరిగిన వేషధారణ సామాన్యమైనది కాదు. 1926లో మిలాను నగరమున తొలిసారి ప్రదర్శింపబడిన పుచ్చీని ‘తురాన్దోత్’ సంగీతనాటకములోని చీనా బాణీలలో కొన్ని, పరిచితుడైన ఒక ప్రభువు ఇంటనున్న సంగీతపేటిక వినిపించిన వరుసలు. రంగస్థలము మీదనైనను వెండితెర మీదనైనను తూర్పుదేశస్థుడు అడుగిడగానే వినిపించెడి తొమ్మిది స్వరముల చిన్న వరుస యొకటి తరతరములుగా పాశ్చాత్యుల చెవులలో నాటుకొనిపోయినది. 1974లో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’, 1980లో ‘టర్నింగ్ జాపనీస్’ దానినే పునరుద్ధరించి జనాదరము పొందినవి. స్కాట్లండు గాయని యొకతె అనేకా అను పేరు దాల్చి, కిమోనో ధరించి, గొంతు సన్నము చేసికొని పాడిన ‘జాపనీస్ బాయ్’ బ్రిటిష్ విక్రయపట్టికలో ప్రథమస్థానము నధిష్ఠించినది 1981లోనే, అనగా ‘టిన్ డ్రమ్’ వెలువడుటకు కొద్ది నెలల ముందే. ఈ పరంపరను అసహ్యించుకొనువాడు, కాంటన్ పేరు పెట్టుకొన్న మరియొక ఆంగ్లేయ రికార్డు కంటబడగానే ముఖము త్రిప్పుకొనుట సహజమే. కాని సహజమైన చిరాకు వేరు, విమర్శ వేరు. వేషధారణకు లక్షణములు గలవు. ఆ లక్షణములు ఇందున్నవా లేవా యని వెదకుట విమర్శకుని ధర్మము.

వేషగానమున మొట్టమొదట వేషము ధరించునది కంఠము. పైన చెప్పిన పాటలలో గాయకుడు గాని గాయని గాని తాను కాని మరియొకరి గొంతును అనుకరించుటయే వినోదమునకు ఆధారము. ‘టిన్ డ్రమ్’ ఎనిమిది పాటలలో ఒకటి కేవలము వాద్యగీతము. తక్కిన ఏడింటిలో సిల్వియన్ కంఠము ఎక్కడను తన సహజస్థానమును విడువదు. మంద్రమున మెల్లగా కదలుచు, పదాంతములను కొంచెము సాగదీసి వణకించు ఆ గొంతు పూర్వపు రెండు ఆల్బములలో ఎట్లుండెనో ఇందును అట్లేయున్నది. దాని వంశవృక్షమును వెదకినచో రాక్సీ మ్యూజిక్, డేవిడ్ బోవీ కనబడుదురే గాని పెకింగ్ నాటకశాల కనబడదు. ఆసియాను వేషముగా ధరింపదలచినవాడు ముఖమును విడిచి పాదరక్షలకు మాత్రమే రంగు పూసికొనునా? పాడువాడు పడమటివాడే, చూచుచున్నది తూర్పును, నడుమనున్న దూరము దాచబడలేదు. ‘విజన్స్ ఆఫ్ చైనా’ అను పేరే చైనాను గూర్చిన ఊహాదర్శనములని చాటుచున్నది. దానిని చైనాయని ఎవరును అమ్మజూపలేదు.

ఐదు స్వరముల మాట ఇక చూతము. ఆహార్యవాదులు ‘కాంటన్’ అను వాద్యగీతమును ముఖ్యసాక్షిగా నిలుపుదురు. అందలి వరుస ఐదు స్వరములపై నడచుచున్నది గనుక అది చీనా వేషమేయని వారి తర్కము. ఈ తర్కమును విని తెలుగు శ్రోత ఆశ్చర్యపడవలెను. షడ్జము, చతుశ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్రుతి ధైవతము: ఈ ఐదును చీనా సంగీతమున ప్రసిద్ధములు, స్కాట్లండు జానపదగీతములలోను ప్రసిద్ధములు, మనకు ఇవియే మోహనరాగము. స్వరములు సమానమైనంతమాత్రమున మోహనమును విని ఎవడును చీనా పాటయని భ్రమపడడు, ఏలయన రాగము స్వరసంఖ్యలో లేదు. అది స్వరమును ఎట్లు పట్టుకొనిరి, ఎట్లు జార్చిరి, ఎక్కడ నిలిపిరి అనుదానిలో నున్నది. స్వరములను లెక్కించి దేశమును నిర్ణయించువాడు సంగీతమునకు బదులు అంకెలను విన్నవాడు. ‘కాంటన్’లో వినవలసినది స్వరసంఖ్య కాదు. ఒకే వరుసను పలు సింథసైజరు నాదములు కలిసి ఏకముఖముగా పలుకుట, పలు స్వరములను ఏకకాలమున కలుపుటయై పాశ్చాత్య సంగీతమునకు ప్రాణమైన హార్మొనీని పూర్తిగా పక్కకు నెట్టి వరుసను నాదవర్ణముచేతనే నిలబెట్టుట, ఆ వరుస ఊరేగింపు నడకతో మరల మరల వచ్చినను ప్రతిసారియు క్రిందనున్న తాళవాద్యము దానికి కొత్త నేలను పరచుట వినవలెను. హార్మొనీని వదలుకొనుట ఆంగ్లేయ పాప్ సంగీతకారునికి అలంకారము కాదు. అది తన ఇంటి దూలమును తీసివేయుట. తీసివేసియు కట్టడమును నిలుపుట నేర్చుకొనుటకు అతడు తూర్పు సంగీతమును చెవియొగ్గి వినియుండవలెను.

సింథసైజరును గూర్చి మరింత ఓపికతో చెప్పవలసియున్నది, ఏలయన ఈ ఆల్బము యొక్క నిజమైన సాహసము అచ్చటనే గలదు. ఆ కాలమున సర్వత్ర వాడుకలోనున్న ప్రాఫెట్-5 అను యంత్రము 1978లో వచ్చినది. ఒకేసారి ఐదు స్వరములు పలుకగలదు, కూర్చిన నాదములను జ్ఞాపకమున నిలుపుకొనగలదు. ఈ సౌలభ్యమే చాలమందికి చేటు తెచ్చినది. యంత్రములో ముందే నిలిపియున్న నాదములనే మీట నొక్కి తీసికొని వాయించుటవలన ఆ దశాబ్దపు రికార్డులలో సగము ఒకదానినొకటి పోలియున్నవి. బార్బియరి, సిల్వియన్ ఈ దారిని త్రొక్కలేదు. ప్రతి నాదమును అడుగునుండి నిర్మించుకొనిరి. వినినచో కొన్ని నాదములు లోహపు నోరు గల సన్నాయిని తలపించును, కొన్ని నీటి అడుగున మ్రోగు గంటను తలపించును. ఐనను ఏదియు ఏ వాద్యమునకును నకలు కాదు. ఇక్కడనే ఆహార్యవాదము సూటిగా తప్పిపోవుచున్నది. వేషమే వారి కోరికయైనచో దారి ఎంతో సులభము: చీనా వీణను గాని, వేణువును గాని రికార్డు చేసి పైన అతికించిన చాలును, లేదా యంత్రము చేత ఆ వాద్యములను అనుకరింపజేసిన చాలును. వారు రెండును చేయలేదు. చీనా వాద్యబృందములోని నాదములు ఒకదానినొకటి ఎట్లు ఎదుర్కొనుచున్నవో, నాసికాధ్వనియు లోహధ్వనియు కరిగి ఏకము కాక ప్రక్కప్రక్కన ఎట్లు నిలుచుచున్నవో ఆ సంబంధమును గ్రహించి, ఇంతకు ముందెవ్వరును వినని నాదముల మధ్య దానిని నెలకొల్పిరి. అప్పు తెచ్చుకొన్నది వస్తువును కాదు, వస్తువుల నడుమనున్న న్యాయమును.

ఈ విషయమున నిర్మాత స్టీవ్ నై పాత్రను మరువరాదు. అంతకు పూర్వపు రెండు ఆల్బములను నిర్మించిన జాన్ పంటర్ నాదములను ఒకదానిపై నొకటి పేర్చి నిగనిగలాడు ఉపరితలమును కల్పించిన నిపుణుడు. పెంగ్విన్ కెఫే ఆర్కెస్ట్రాలో వాద్యకారుడుగా పనిచేసిన నై ఇందుకు భిన్నముగా నడచెను. ‘ది ఆర్ట్ ఆఫ్ పార్టీస్’ అను పాట ఈ రెండు పద్ధతులకును ప్రత్యక్షసాక్షి: పంటర్ నిర్మాణమున 1981లో విడి రికార్డుగా వచ్చినప్పుడు అది నిండుగా, ఉత్సాహముగా నుండెను, అదే పాటను ఆల్బము కొరకు తిరిగి రికార్డు చేసినప్పుడు ఆ నిండుదనమును ఒలిచివేసి ఎముకలను మాత్రము మిగిల్చిరి. డ్రమ్స్‌కు మందిరపు ప్రతిధ్వని లేదు. ప్రతి దెబ్బ పొడిగా, చెవికి సమీపమున వినబడును. వేషము వేయువాడు పొరలను చేర్చును. వీరు పొరలను తీసివేసిరి. ఈ ఒక్క పాట రెండు రూపములను పక్కపక్కన విన్నవారికి ఆహార్యవాదము ఎట్లు తోచునో నాకు బోధపడదు.

కార్న్, జాన్సెన్‌ల విషయమున నేను ఆగి మాట్లాడవలెను. ఈ ఆల్బము గుండె అక్కడ కొట్టుకొనుచున్నదని నా విశ్వాసము. పాశ్చాత్య పాప్ సంగీతమున బేస్ గిటారు చేయవలసిన పని నిర్ణీతమైయున్నది: డ్రమ్స్‌తో జతగూడి అడుగున నిలిచి, హార్మొనీ యొక్క మూలస్వరమును చూపుచుండవలెను. కార్న్ ఆ ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. అతని వాద్యము మెట్లు లేని బేస్ గిటారు. స్వరమునుండి స్వరమునకు గెంతక జారును. కొన్నిచోట్ల స్వరమును చేరకయే దాని అంచున ఊగి వెనుకకు మరలును. గమకములకు అలవాటుపడిన మన చెవులకు ఇది వింతగా తోచదు గాని, ఆంగ్లేయ శ్రోతలకు ఇది నేల కదలినట్లు తోచినది. కార్న్ శాస్త్రీయముగా బేస్ నేర్చినవాడు కాడు. బాల్యమున బసూన్ అను సుషిరవాద్యమును వాయించినవాడు, శిల్పములు మలచినవాడు. ఊపిరితో పలికించు వాద్యపు వాక్యనిర్మాణము అతని తంత్రీవాద్యమున వినబడుటకు కారణమిదియే కావలెను. జాన్సెన్ డ్రమ్స్ అట్టివే. ‘విజన్స్ ఆఫ్ చైనా’లో అతడు రెండవ, నాలుగవ మాత్రలకు వచ్చి వాలు సాధారణపు దెబ్బను విడిచి, పెద్ద చర్మవాద్యములపై దొర్లించెడి నడకతో పాటను మోయుచున్నాడు, ‘స్టిల్ లైఫ్ ఇన్ మొబైల్ హోమ్స్’లో అతని దెబ్బలు కార్న్ స్వరముల నడుమ మిగిలిన సందులలో మాత్రమే పడుచు, ఇరువురును కలిసి ఒకే వాద్యమేమోయన్న భ్రాంతి గొల్పుదురు. ఏడు నిమిషములకు పైగా సాగు ‘సన్స్ ఆఫ్ పయొనీర్స్’ అంతయు కార్న్ యొక్క ఒకే చిన్న వరుస చుట్టును తిరుగును. ఆ పాటను అతడు సిల్వియన్‌తో కలిసి రచించెను. అందులో పల్లవి ఉబికి వచ్చి శ్రోతను ఉద్రేకపరచు ఘట్టము లేదు. కాలము ముందునకు పోవుట మాని ఒకచోట నిలిచి వెడల్పగుచున్నది. ఈ కాలభావన పాప్ పాటకు పుట్టుకతో వచ్చినది కాదు.

కార్న్ పేరెత్తితిని గనుక మరియొక మాట. ‘నలుగురు ఆంగ్లేయులు’ అని ఆహార్యవాదులు తేలికగా వ్రాయుచుందురు. మిక్ కార్న్ అసలు పేరు ఆండోనిస్ మైకలైడిస్. అతడు సైప్రస్ దేశపు నికోసియాలో జన్మించి బాల్యముననే లండను చేరిన వలసకుటుంబపు బిడ్డ. ఈ ఆల్బములో అతడు ఆఫ్రికా వేణువును కూడ వాయించెను. రెండవ పాట పేరు ‘టాకింగ్ డ్రమ్’. అది పశ్చిమాఫ్రికాలో డమరుకాకృతి గలిగి, చంకను నొక్కిన కొలది శ్రుతి మారు వాద్యము పేరు. అనగా ఇందలి తూర్పు ఒక్క చైనా కాదు, తూర్పు మాత్రమే కూడ కాదు. వేషధారణ యని తీర్మానించువారికి ఈ సంకీర్ణత అడ్డు వచ్చును గనుక వారు దానిని ప్రస్తావింపరు.

‘ఘోస్ట్స్’ను మాత్రము మన్నించువారి వాదమును ఇప్పుడు పరీక్షింతము. 1982లో విడి రికార్డుగా వచ్చి ఈ పాట బ్రిటిష్ పట్టికలో ఐదవ స్థానమునకు చేరినది. ఆల్బము పన్నెండవ స్థానము వరకు పోయినది. ఆ పట్టికలో అంతటి పైమెట్టున ఇట్టి పాట నిలుచుట అపూర్వమని నేనును అందును: డ్రమ్స్ నడక లేదు, నాదములు ఆరంభమున చెల్లాచెదురుగా మొలచి మౌనములో కరగిపోవును, కర్రపలకలపై పలికిన స్వరములు అక్కడక్కడ బొట్లుగా రాలును, కంఠము వీటి నడుమ ఒంటరిగా నడచును. ఐతే ఇది తక్కిన ఏడింటికి విరుద్ధమైనదనుట పొరపాటు. తక్కిన ఏడింటిలో బేస్, డ్రమ్స్ సంచరించు ఖాళీ స్థలముననే ‘ఘోస్ట్స్’ నివసించుచున్నది. ఆ రెండును తొలగగా ఆ స్థలము మరింత స్పష్టముగా కనబడినది, అంతే. ఒక్క దెబ్బకును మరియొక్క దెబ్బకును నడుమ నిశ్శబ్దమును నింపవలసిన లోటుగా గాక పాటలోని అంగముగా భావించు పద్ధతి ‘కాంటన్’లో ఏదో ‘ఘోస్ట్స్’లో అదియే. ఒకదానికి చీనా పేరుండుటచే వేషమనియు, మరియొకదానికి లేకపోవుటచే కళ యనియు విభజించువాడు పేరులను విమర్శించుచున్నాడు.

ప్రతిపక్షమున మిక్కిలి బరువైన ఆక్షేపణ మావోను గూర్చినది. దానిని దాటిపోవుట న్యాయము కాదు. అట్టపై చిత్రమున సిల్వియన్ ఒక బల్ల ముందు కూర్చుండి చాప్‌స్టిక్స్‌తో భుజించుచున్నాడు. వెనుక గోడపై మావో పటము. మావో గతించి అప్పటికి ఐదేండ్లు. 1966 నుండి పదేండ్లు సాగిన సాంస్కృతిక విప్లవమున ఎందరి బ్రతుకులు నుగ్గయినవో లోకమునకు తెలియుచుండెను. చైనా కమ్యూనిస్టు పార్టీయే 1981 జూనున ఆ విప్లవమును తీవ్రమైన తప్పిదముగా తీర్మానించి, అందు మావో బాధ్యతను ఒప్పుకొనెను. అట్టి సమయమున ఆ ముఖమును గది అలంకారముగా వాడుట బాధ్యతారాహిత్యము కాదా యని అడుగుచున్నారు. ‘కాంటనీస్ బాయ్’ అను పాటలోని ఎర్రసైన్యపు పిలుపును గూర్చియు ఇదే ప్రశ్న. సాహిత్యమున ఆ కాలపు దుఃఖభారము చాలినంత లేదని నేను ఒప్పుకొందును. పాటలలోని మాటలు వాటి నాదములంత లోతునకు పోలేదు, ఆ లోపమును సమర్థింపను. కాని అట్టపై బొమ్మను మరల చూడవలెను. పటము ఒక మూల గోడనుండి ఊడివచ్చుచున్నది. గది దీనమైనది, అందు విజయోత్సాహము లేదు. భుజించువాడు పట్టుబట్టల చీనా ప్రభువు వేషమున లేడు. వీరుల పటములు గోడలనుండి జారిపోవుచున్న కాలమున, దూరదేశపు విప్లవమును పటముల ద్వారా మాత్రమే ఎరిగిన ఒక పడమటి యువకుని గది యది. పాశ్చాత్య యువతరము ఒకప్పుడు మావోను భుజమున నెత్తుకొని, పిదప దించివేసిన చరిత్రను ఇంత ముక్తసరిగా చెప్పిన చిత్రము ఆనాటి రికార్డు అట్టలలో మరియొకటి నాకు కనబడలేదు.

ఎడ్వర్డ్ సయీద్ 1978లో ప్రకటించిన ‘ఓరియంటలిజమ్’ గ్రంథమును ఆహార్యవాదులు తరచుగా ఆశ్రయింతురు. ఆ మహనీయుని విచారము ప్రధానముగా పశ్చిమాసియాను గూర్చి ఐరోపా పండితులు, పాలకులు నిర్మించిన విజ్ఞానమునకు సంబంధించినది. తూర్పును తామెరుగుదుమనియు, తూర్పు తనను గూర్చి తాను పలుకజాలదు గనుక తామే పలుకవలెననియు వారు కల్పించుకొన్న అధికారమును ఆయన నిలదీసెను. ‘టిన్ డ్రమ్’ ఏ చైనీయుని పక్షమునను మాట్లాడుటకు పూనుకొనలేదు. తెలియుననలేదు. ఎరుగమికిని ఆకర్షణకును నడుమనున్న స్థితియే దాని వస్తువు. ఒక గొప్ప గ్రంథమును ఆయుధముగా ఎత్తువారు దాని గురి ఎవరిపైనున్నదో చూచుకొనవలెను.

బలవంతుడు బలహీనుని వద్ద తీసికొనుటకును, బలహీనుడు బలవంతుని వద్ద తీసికొనుటకును భేదము గలదని వారి తుదిమాట. ఆ భేదము నిజమే. బాలుస్వామి దీక్షితులు వయొలినును కర్ణాటక సంగీతమునకు తెచ్చినప్పుడు, పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలినుపై త్యాగరాజకృతులు పలికించినప్పుడు, 1982లో బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ జపాన్ యంత్రములపై పది రాగములను డిస్కో దరువున వాయించినప్పుడు ఎవరును వారిని దొంగలనలేదు, అనకుండుట ఉచితమే. ఐనను ఈ ఉదాహరణములే మరియొక సత్యమును చూపుచున్నవి: అరువు విలువ తెచ్చుకొన్నవాని జాతిలో గాక, తెచ్చినదానిని అతడు ఎంత లోతుగా విన్నాడనుదానిలో నున్నది. వయొలిన్ మనదైనది దానిని పట్టుకొను భంగిమను, శ్రుతిని, వ్రేళ్ళ జారుడును మార్చుకొని మన గానమునకు లోబరచుకొన్నందువలన. బలవంతునికి ఈ కొలమానము మరింత కఠినముగా వర్తింపవలెననిన నేను సమ్మతింతును. కఠినముగా కొలిచియే ‘టిన్ డ్రమ్’ నిలుచుచున్నదని చెప్పుచున్నాను.

పైగా వీరు ఆసియావారి సాన్నిహిత్యము లేకుండ ఊహించినవారు కారు. టోక్యోలోని యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా 1978లోనే, అమెరికాకు చెందిన మార్టిన్ డెన్నీ కల్పించిన కృత్రిమ ప్రాచ్యవినోదమగు ‘ఫైర్‌క్రాకర్’ను తమ సింథసైజరులపై తిరిగి వాయించి, పడమర చూచిన బొమ్మనే అద్దముగా పడమరకు చూపినది. ఆ బృందములోని ర్యూయిచి సకమోతోతో సిల్వియన్ 1980లోనే కలిసి పాట రచించెను. 1982లో ఇరువురి పేరుల మీదను ఒక రికార్డు వచ్చినది. 1983లో సకమోతో ‘మెర్రీ క్రిస్మస్ మిస్టర్ లారెన్స్’ చిత్రమునకు కూర్చిన వరుసకు సిల్వియన్ మాటలు వ్రాసి పాడెను. జాన్సెన్‌కును, అదే ఆర్కెస్ట్రాకు చెందిన యుకిహిరో తకహాషికిని గల మైత్రియు అట్టిదే. ఆసియా పక్షమున నిలిచి ఆక్షేపించువారు, ఆ అద్దము చేతబట్టిన ఆసియా సంగీతకారులే వీరితో ఏండ్ల తరబడి సహవాసము చేసిరన్న విషయమునకు ఏదైన సమాధానము చెప్పవలసియున్నది. ఇంతవరకు చెప్పినవారిని నేను చదువలేదు.

బృందము 1982 చివర విడిపోయెను. లండనులోని హామర్‌స్మిత్ ఓడియనులో చివరి కచేరీలు, ఆ పిమ్మట జపాన్ దేశమున తుది ప్రదర్శన, 1983లో హామర్‌స్మిత్ కచేరీల రికార్డు ‘ఆయిల్ ఆన్ కాన్వాస్’ ముగిసిన తరువాత నలుగురును వేర్వేరు దారులు పట్టిరి. 1984 నాటి సిల్వియన్ ‘బ్రిలియంట్ ట్రీస్’లో మావో లేడు, కాంటన్ లేదు, ఐదు స్వరముల ఊరేగింపు లేదు. అదే నలుగురు 1991లో ‘రెయిన్ ట్రీ క్రో’ అను పేరుతో మరల వెలువరించిన ఆల్బములోను, అధికభాగము అప్పటికప్పుడు వాయించుచు కూర్చిన ఆ సంగీతములోను, చైనా పేరెత్తు పాటయొక్కటియు లేదు. ఐనను కార్న్ స్వరములు జాన్సెన్ దెబ్బల నడుమ సందులను వెదకుట, బార్బియరి నాదములు హార్మొనీకి లోబడక రంగులుగా నిలుచుట, దెబ్బకును దెబ్బకును నడుమ నిశ్శబ్దము పాటలో తన భాగమును తాను పాడుట యథాతథముగా నున్నవి. ఆసియా వేషమేయైనచో, వేషము విప్పిన దినమున దానితో వచ్చినదంతయు దానితోనే పోవలెను. పదేండ్ల తరువాత, పేరును పటమును పంచస్వరములును లేని చోట, ఆ పద్ధతి ఎట్లు నిలిచియున్నదో ఆహార్యవాదులు వివరింపవలెను.